మా ఆవిడ వచ్చి చూస్తుందని చెప్పాను

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇది చదివాక మీరు నమ్మాలని కూడా నేను అడగను. నేను బస్సు డిపోలో మెకానిక్‌ని. పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఇంజన్లో చప్పుడొస్తే దానికో కారణం ఉంటుంది. వెతికితే దొరుకుతుంది. దొరక్కపోతే మనం సరిగ్గా వెతకలేదని అర్థం.

ఓసారి మా షెడ్డులో ఒక పాత బస్సు ఏడుస్తోందని పుకారు లేచింది. ఎవరూ దాని దగ్గరికి పోవడం లేదు. వెనక తలుపు రబ్బరు ఊడిపోయి గాలికి కీచుమంటోందని నేనే తీసి చూపించాను. ఆ తర్వాత నెల రోజులు వాళ్ళను నేను ఏడిపించాను. అలాంటి వాణ్ణి ఇప్పుడు ఇది రాస్తున్నానంటే మా షెడ్డులో వాళ్ళు పగలబడి నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా ఆవిడ సరిత రెండేళ్ళ కిందట వానాకాలంలో జ్వరంతో చనిపోయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడిలా ఒక్క వాక్యంలో రాసేస్తున్నాను గానీ, అప్పట్లో ఈ మాట నా నోటి నుంచి వచ్చేది కాదు. డిపోలో మా ఫోర్‌మన్ చెప్పాడు. పాప బడిలో సరిత వాళ్ళక్క చెప్పింది. ఆఫీసుల్లో ఎవరైనా అడిగితే సర్టిఫికెట్ తీసి వాళ్ళ ముందు పెట్టేవాణ్ణి. వాళ్ళే చదువుకునేవాళ్ళు.

నాకు ఏడుపు కూడా రాలేదు. రాయిలా ఉన్నాడని మా చుట్టాలు చాటుగా అన్నారు, ఒకరిద్దరు ఎదురుగానే అన్నారు. నిజమే కావచ్చు. కాలికి తిమ్మిరెక్కితే గిల్లినా తెలియదు చూడండి, నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. దినకర్మలయ్యాక డ్యూటీకి వెళ్ళాను, వచ్చాను. వండుకున్న దాంట్లో ఉప్పుందో లేదో మా పాప చెబితేనే తెలిసేది.

మా పాప మౌనిక. సరిత పోయిన తర్వాతి వేసవికి ఐదో తరగతి అయిపోయింది. మేం గౌలిపురలో రెండు గదుల ఇంట్లో పదకొండేళ్ళుగా అద్దెకుంటున్నాం. ఆ వేసవిలో ఇంటి ఓనరు కొడుకులు పంపకాలు చేసుకుని, ఇల్లు పడగొడుతున్నాం, బడులు తెరిచేలోపు ఖాళీ చేయమన్నారు.

సరితకు ఒక అక్క ఉంది, పద్మ వదిన. జనగామలో ఉంటుంది, కుట్టుపని చేస్తుంది. సరిత పోయినప్పటి నుంచి నెలకోసారి వచ్చి మౌనిక తల దువ్వి, బట్టలు సర్ది వెళ్ళేది. ఇల్లు ఖాళీ చేయాలని తెలిసి ఫోన్ చేసింది.

"నరేందరూ, నిన్ను తప్పు పడ్తలేను. నువ్వు పొద్దున పోతే రాత్రికొస్తవ్. ఆడపిల్ల, రేపోమాపో పెద్దగైతది. ఒక్కతే లోపల గొళ్ళెం పెట్టుకొని ఎన్ని దినాలు కూసుంటది? నాలుగిండ్ల నడుమ, మనుషులున్న జాగల ఇల్లు జూడు. నేనొచ్చి జూస్త. మంచిగనిపిస్తే సరే. లేకుంటె పిల్లను నేను తీస్కపోయి జనగామ బడిల ఏస్త."

ఆమె అన్నదాంట్లో తప్పేం లేదు. అందుకే నేను గట్టిగా ఏమీ అనలేకపోయాను. కానీ మౌనిక కూడా వెళ్ళిపోతే డ్యూటీ అయ్యాక నేను ఇంటికి ఎందుకు రావాలో నాకు తెలియలేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కిన ఆ రోజుల్లో నాకు నొప్పి తెలిసిన చోటు అదొక్కటే. పిల్లను పోనివ్వకూడదు. అంతే.

ఇల్లు చూడడం నాకు రాదు. ఆ పని సరితది. ఎప్పటికైనా మంచి ఇంట్లోకి మారాలని ఆమెకు మా చెడ్డ కోరిక. టులెట్ బోర్డు కనిపిస్తే చాలు, అద్దెకు దిగే ఉద్దేశం లేకపోయినా ఎక్కి చూసి వచ్చేది. నేను కింద చాయ్ తాగుతూ నిలబడేవాణ్ణి.

ఆమె చూసే పద్ధతే వేరు. ఖాళీ ఇంట్లోకి కూడా చెప్పులు బయట విడిచే వెళ్ళేది. స్నానాల గదిలో చెంబెడు నీళ్ళు పోసి అవి ఎటు పోతున్నాయో చూసేది. నిలిచిపోతే ఆ ఇల్లు వద్దనేది. గోడలు జానలతో కొలిచేది. అన్నిటికంటే ముఖ్యమైనది, పక్కింటి తలుపు కొట్టి తాగడానికి నీళ్ళు అడిగేది. నీళ్ళ రుచీ తెలుస్తుంది, ఇచ్చే చేతిని బట్టి పొరుగు సంగతీ తెలుస్తుందని ఆమె లెక్క. "మొహమాటం లేదా నీకు" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "ఇల్లు బాగుండి పొరుగు బాగలేకుంటె నువ్వుంటవా ఇంట్ల, నేనుండాలె" అనేది.

నేనొక్కణ్ణే మొదలుపెట్టాను. సైదాబాద్ వైపు చూశాను, చాంద్రాయణగుట్ట వైపు చూశాను. ప్రతి చోటా ఒకటే ప్రశ్న, ఎంతమంది ఉంటారని. నేనూ మా పాపా అంటాను. ఆడమనిషి లేదా అంటారు. లేదంటాను. అంతే, వాళ్ళ మొహం మారిపోయేది. ఫ్యామిలీకే ఇస్తాం అనేవాళ్ళు. నేనూ నా కూతురూ ఫ్యామిలీ కామని అప్పుడే తెలిసింది. ఒకావిడైతే, ఆడది లేని ఇంటికి పదిమంది మగాళ్ళు వస్తారు అంది నా మొహం మీదే. కోపం రావాల్సింది. రాలేదు.

నాకు ఇళ్ళు చూపిస్తున్న బ్రోకర్ సలీం. మంచివాడే. ఆరో ఇల్లు కూడా తప్పిపోయాక నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"అన్నా, ఉన్నదున్నట్టు చెప్తే నీకు ఇల్లు దొరకది. బీవీ ఊర్ల ఉంది, సామాన్ సర్దినంక వస్తదని చెప్పు. ఒకసారి దిగినంక ఎవ్వలడుగుతరు? ఫికర్ చెయ్యకు."

అలా ఒక మంగళవారం బహదూర్‌పురాలో ఒక పాత అపార్ట్‌మెంట్‌కు తీసుకెళ్ళాడు. జూపార్కు గోడకు కాస్త ఇవతల. నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. కింద పంక్చర్ షాపు, దాని పక్కన కిరాణా కొట్టు. కట్టి ముప్పై ఏళ్ళు దాటి ఉంటుంది. మెట్ల అంచులు నడిచి నడిచి గుండ్రంగా అరిగాయి.

నేను మెకానిక్ చూసినట్టే చూశాను. పిల్లర్లు గట్టిగానే ఉన్నాయి. మూడో అంతస్తు బాల్కనీ కింద పెచ్చులూడి తుప్పు పట్టిన చువ్వలు కనిపిస్తున్నాయి. సంపు మూత సరిగ్గా పడుతోంది, మోటారు చప్పుడు బాగుంది. మీటర్ల బోర్డు దగ్గర వైర్లు పాతవే గానీ కాలిన వాసన లేదు. మాకు చూపించింది రెండో అంతస్తులో, రెండు గదులు, వంటిల్లు. మొజాయిక్ నేల. వంటింటి గోడ మీద వేలితో కొడితే ఒకచోట బోలుగా మోగింది. పది నెలలుగా ఖాళీగా ఉందట.

లోపలి గదిలో ఒకటే కిటికీ, చెక్క రెక్కలది. నేను తెరవబోతే రాలేదు. రంగు మీద రంగు వేసి మూసేశారు, బందులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. అరచేతి మొదలుతో గట్టిగా నాలుగు దెబ్బలు కొట్టాను. సలీం కూడా ఒక చెయ్యి వేశాడు. కదల్లేదు. నా చేతికి లొంగని బోల్టు మా డిపోలో లేదు, కాబట్టి ఆ కిటికీ సంగతి నాకు బాగా గుర్తుంది. దిగాక చూసుకుందాంలే అనుకుని వదిలేశాను.

ఎదురింటి తలుపు తెరిచే ఉంది. గడప లోపల చాప వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. లాడ్ బజార్ దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్ళు అతికిస్తుంది. అరవై దాటి ఉంటాయి, కళ్ళద్దాలు లేవు. ఆవగింజంత రాళ్ళను పుల్ల కొసతో తీసి ఒక్కొక్కటే అద్దుతోంది. ఇంటి ఓనరు ఆమె తమ్ముడు, అతను వేరేచోట ఉంటాడు. తాళం చెవి ఈమె దగ్గరే. సలీం ఆమెను ఖాలా, అంటే పిన్ని, అని పిలిచాడు, నేనూ ఖాలా అన్నాను.

"ఎంతమంది బేటా?" అంది తల ఎత్తకుండానే.

"ముగ్గురం," అన్నాను. "నేను, మా ఇంట్లామె, ఒక పాప."

"మీ ఇంట్లామె ఏది?"

"ఊర్ల ఉంది ఖాలా. వచ్చి జూసి చెప్తది."

సులువుగా వచ్చేసింది ఆ మాట. అదే నాకు సిగ్గనిపించింది. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి ఆ ఒక్క నిజం మాట నోట్లోంచి రాలేదు గానీ, అబద్ధం మాత్రం నీళ్ళు తాగినట్టు వచ్చింది. ఇంకో మాట కూడా చెప్పాలి. అన్నాక హాయిగా అనిపించింది. ఆ నాలుగు మాటల సేపు సరిత నిజంగానే ఊళ్ళో ఉంది, బస్సెక్కి వస్తుంది.

ఖాలాకు ఆ జవాబు నచ్చింది. "గదే మంచిది. ఇల్లు ఔరత్ జూడాలె. మొగోళ్ళకేం తెలుస్తది, గోడలు గుద్దుతరు, పోతరు. పంపు ఆమెను. చాబీ నా తాననే ఉంటది," అంది.

తలూపి వచ్చేశాను. పద్మ వదినకు ఫోన్ చేసి ఆదివారం రమ్మన్నాను. ఆమెను చూపించి, మా వదిన చూసింది, చాలు అని ఖాలాతో అనవచ్చనుకున్నాను. అంతకు మించి ఆలోచించే ఓపిక నాకు లేదు.

ఆదివారం వదిన ఉదయం బస్సుకు వచ్చింది. ముగ్గురం ఆటోలో వెళ్ళాం. పన్నెండు కావస్తోంది, ఎండ మండిపోతోంది. ఆటో దిగగానే వదిన బిల్డింగును కింది నుంచి పై దాకా చూసి, ఆ ఊడిన పెచ్చుల దగ్గర ఆగింది. "ఇదా?" అంది. మౌనిక నా చెయ్యి పట్టుకుంది. తను అడగలేదు గానీ ఈ ఇల్లు తప్పితే జనగామేనని తనకు తెలుసు.

రెండో అంతస్తు ఎక్కేసరికి ఖాలా అదే చోట, అదే చాప మీద ఉంది. మమ్మల్ని చూసి నవ్వింది.

"ఆవో, ఆవో. మౌనికా, లోపటికి రా బేటా, ఎండల వచ్చినవ్."

మంగళవారం నేను ఒక పాప అని మాత్రమే అన్నాను. పేరు చెప్పలేదు. సలీం చెప్పాడేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది, సలీంకు కూడా పేరు తెలియదు.

ఖాలా తాళం చెవి అందిస్తూ, "ఇంక ఏం జూస్తరు? మీ ఇంట్లామె అంతా జూసి పోయింది గదా. ఇగ సామాన్ తెచ్చుకోండ్రి," అంది.

నాకేమీ అర్థం కాలేదు. వదిన నా వైపు చూసింది. ఆ చూపు ఇప్పటికీ మర్చిపోలేను. నేను ఎవరినో తెచ్చుకున్నాననుకుంది. తన చెల్లెలు పోయి తొమ్మిది నెలలు కాలేదు, వీడు ఇంకో ఆడమనిషికి ఇల్లు చూపిస్తున్నాడనుకుంది. ఆమె ముక్కుపుటాలు అదరడం చూశాను.

"ఎవ్వలొచ్చిండ్రమ్మా?" అని వదినే అడిగింది.

"ఇగో, ఈయన బీవీ. నువ్వామె అక్కవా? ముక్కు ఒక్కతీరుగనే ఉంది. జుమేరాత్ నాడొచ్చింది, పొద్దుగాల పదకొండు గొట్టంగ."

జుమేరాత్ అంటే గురువారం. గురువారం పదకొండుకు నేను డిపోలో బస్సు కింద పడుకుని ఉన్నాను. నాతో ఇద్దరు హెల్పర్లున్నారు. వదిన జనగామ దగ్గర పెళ్ళిలో ఉంది, ఊరు ఊరంతా చూసింది. ఈ రెండూ నేను తర్వాత మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నవి. ఆ క్షణంలో మాత్రం తలలో ఏమీ లేదు.

ఖాలా తన ధోరణిలో చెప్పుకుపోయింది. ఆమె ఒక్కతే వచ్చిందట. ఇల్లు చూడమని మా ఆయన చెప్పిండు అందట. చెప్పులు ఇక్కడ, ఈ మెట్టు దగ్గర విడిచిందట. ఖాళీ ఇల్లే గదమ్మా, వేసుకునే పో అంటే వినలేదట. స్నానాల గదిలో నీళ్ళు పోసి చూసిందట. నల్లా ఏ టైముకు వదులుతారో అడిగిందట. పక్కన ఆడపిల్లలు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, పై అంతస్తులో ఇద్దరున్నారని ఖాలా చెప్పిందట. వెళ్ళేముందు తాగడానికి నీళ్ళడిగిందట.

"ఇచ్చిన. తాగి, గ్లాసు కడిగి బోర్లిచ్చి పోయింది. గిట్ల ఎవ్వలు చేస్తరు ఈ జమానాల? మస్తు మంచి పిల్ల."

వదిన పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్ళలో కోపం లేదు ఇప్పుడు. చెల్లెలు చిన్నప్పటి నుంచి ఎవరింట్లో నీళ్ళు తాగినా గ్లాసు కడిగి బోర్లించేదని ఆమెకు తెలుసు.

నేను తాళం తీసి లోపలికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు, అక్కడ నిలబడలేకపోయాను. లోపలి గదిలో వెలుతురు ఉంది. మంగళవారం అక్కడ చీకటి. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.

దగ్గరికి వెళ్ళి చూశాను. రంగు పెళ్ళలు ఊడలేదు. ఉలితోనో, స్క్రూడ్రైవర్‌తోనో పెకిలించిన గుర్తు ఎక్కడా లేదు. బలం వాడితే గుర్తు పడుతుంది, అది నా పని, నాకు తెలుసు. బందుల మీద మాత్రం నూనె ఉంది. వేలితో రాసి వాసన చూశాను. కొబ్బరి నూనె. మా షెడ్డులో ఎవరైనా అయితే డీజిలో, గ్రీజో వాడతారు. మా ఇంట్లో తలుపు కిర్రుమంటే సరిత తలకు రాసుకునే సీసాలోంచి రెండు చుక్కలు వేసేది. జిడ్డు పట్టి దుమ్ము అంటుకుంటుందని నేను ఎన్నోసార్లు గొణిగాను.

రెక్కను అటూ ఇటూ కదిపాను. చప్పుడు లేకుండా తిరిగింది. బయటికొచ్చి ఖాలాను అడిగితే, "ఆమెనే తెరిచింది, పిల్ల పండే అర్రల గాలి ఆడాలె అన్నది," అంది.

ఇంతసేపూ మౌనిక గడప దగ్గర నిలబడి వింటోంది. దానికి భయమేస్తుందని, ఏడుస్తుందని నేననుకున్నాను. అది నేరుగా ఖాలా దగ్గరికి వెళ్ళి చాప అంచున కూర్చుంది.

"మా మమ్మీకి ఇల్లు నచ్చిందా?" అని అడిగింది. మామూలుగా, బడి నుంచి వచ్చి అన్నం అయిందా అని అడిగినట్టు.

"నచ్చిందన్నది బేటా. లోపలి అర్ర నీకేనంట. నీ మంచం పడ్తదా లేదా అని గోడ జానలు బెట్టి కొలిచింది." ఖాలా దాని గడ్డం పట్టుకుని, తర్వాత నా వైపు తిరిగి, "ఎప్పుడొస్తున్నదయ్యా ఆమె?" అంది.

మౌనిక నా వైపే చూస్తోంది. వదిన గోడకు ఆనుకుని నిలబడింది. చెబితే ఇల్లు పోతుందని తెలుసు. ఇల్లు పోతే పిల్ల కూడా పోతుంది. వచ్చేవారం వస్తుంది ఖాలా అంటే చాలు. ఆ మాట నాలుక మీదే ఉంది. కానీ సరిత కూతురు ముందు, ఆమె వచ్చి చూసి వెళ్ళిన ఇంట్లో, ఆ అబద్ధం రెండోసారి రాలేదు.

"ఆమె చనిపోయింది ఖాలా," అన్నాను. "తొమ్మిది నెలలైతుంది."

అదే మొదటిసారి నా నోటితో నేను చెప్పడం. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. మెట్టు మీద కూర్చున్నాను.

ఖాలా చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది. పెదాలు కదిలాయి, ఏదో చదువుకుంది. "మరి నేను నీళ్ళెవ్వలకిచ్చిన?" అంది. మమ్మల్ని అడగలేదు, తనలో తనే అనుకుంది. పుల్ల కింద పెట్టి నన్ను అడిగింది.

"అబద్ధమెందుకు చెప్పినవ్ బేటా?"

"నిజం చెప్తే ఎవ్వలు ఇల్లిస్తలేరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆమె చెప్పలే అబద్ధం. 'నేనుండ ఖాలా, వాళ్ళిద్దరే ఉంటరు. ఆయన మంచోడే, మాట తక్వ. పిల్లను జర చూస్కోండ్రి' అన్నది. ఊర్ల నౌకరీ గిట్ల ఉందేమో, అక్కడనే ఉంటదేమో అని నేననుకున్న. చూస్కుంట పో బిడ్డా అన్న. గదే దినం తమ్మునికి ఫోన్ చేసి చెప్పిన, ఇంకెవ్వలికి చూపియ్యకు, మంచోళ్ళు దొరికిండ్రని."

తర్వాత ఆమె లేచి లోపలికి వెళ్ళి మా ముగ్గురికీ నీళ్ళు తెచ్చింది. గ్లాసులు చేతికి అందించకుండా గడప మీద పెట్టింది. ఆమెకు భయమేసిందని నాకు అర్థమైంది. అయినా ఇల్లు ఇవ్వననలేదు. "జబాన్ ఇచ్చిన ఆమెకు. ఎవ్వలైనా గానీ, ఇచ్చిన మాట ఇచ్చిందే," అంది.

వదిన ఆ రోజు ఇల్లు చూడనే లేదు. స్నానాల గది వైపు కూడా పోలేదు. మౌనికను పక్కన కూర్చోబెట్టుకుని తల నిమురుతూ ఉండిపోయింది. మర్నాడు ఒక్కతే జనగామ వెళ్ళిపోయింది.

నేను మెకానిక్‌ని అని ముందే చెప్పాను. ఊరుకోలేదు. సలీంను నిలదీశాను. తను ఎవరినీ పంపలేదని తల్లి మీద ఒట్టేశాడు. పంక్చర్ షాపతన్ని అడిగితే, రోజూ ఎంతమంది ఆడవాళ్ళు ఎక్కి దిగుతారో నేను లెక్కపెడతానా అన్నాడు. అదీ నిజమే. ఇల్లు వెతుక్కుంటున్న ఇంకెవరో ఆమె కావచ్చు, ఖాలా నా భార్య అనుకుని ఉండవచ్చు. మౌనిక అనే పేరు మన దగ్గర వీధికొకరికి ఉంటుంది. చెప్పులు విడిచే ఆడవాళ్ళు చాలామంది ఉంటారు. కొబ్బరి నూనె ఎవరి సంచిలోనైనా ఉండవచ్చు.

ఒక్కోదానికి ఒక్కో కారణం చెప్పగలను. అన్నీ కలిపి ఒకే పొద్దున, ఒకే మనిషి చేసిందంటే నా దగ్గర కారణం లేదు. నేను బందులకు కొబ్బరి నూనె వేసి చూశాను, అలాంటి పాత కిటికీ పై అంతస్తులో ఇంకొకటుంది, ఆ ఇంటివాళ్ళ అనుమతి అడిగి మరీ వేశాను. మూడు రోజులు నానినా అది రాలేదు. చివరికి సుత్తి వాడాల్సి వచ్చింది.

ఆ ఇంట్లోనే ఉంటున్నాం. ఏడాది దాటింది. ఏ చప్పుడూ లేదు, ఏ నీడా లేదు. మౌనిక లోపలి గదిలో పడుకుంటుంది, పై అంతస్తు పిల్లలతో కలిసి బడికి పోతుంది. నేను డ్యూటీ నుంచి వచ్చేవరకు ఖాలా చాప మీదే హోంవర్క్ రాసుకుంటుంది. రాళ్ళు అద్దడం కూడా నేర్చుకుంది.

ఇల్లు మారిన రోజున సామాన్లతో పాటు సరిత ఫోటో కూడా తెచ్చాం, ఫ్రేము కట్టించినది. పేపర్లో చుట్టి బీరువా మీద పెట్టాను. వదిన ఫోన్ చేసినప్పుడల్లా, "ఫోటో చూపెట్టు ఆమెకు, ఒక్కమాటల తేలిపోతది," అంటుంది. సరేనంటాను. మౌనిక గోడకు తగిలించమంటుంది. గోడ బోలుగా ఉంది, మేకు నిలవదు అని చెబుతాను. అది నమ్మదు, కానీ ఊరుకుంటుంది. ఖాలా ముందు నేను ఫోన్ కూడా బయటికి తీయను. ఆమె కూడా ఇంతవరకు ఫోటో ఉందా అని అడగలేదు.

చూపిస్తే, ఈమె కాదు అనవచ్చు. అప్పుడు సరిత నాకు రెండోసారి చనిపోతుంది. ఈమెనే అంటే అది ఇంకా కష్టం. బహదూర్‌పురా దాకా వచ్చింది, ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర నీళ్ళడిగి తాగింది, నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పింది, నా దగ్గరికి మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో అడగడానికి నాకు ఎవరూ లేరు. ఫోటో ఇంకా పేపర్లోనే ఉంది.